షట్టర్ లేని కొట్టు

మా అమ్మ ముప్ఫై ఏళ్లు జాకెట్లు కుట్టింది. కుట్టుకూలి ఎంతని ఎవరడిగినా ఆ ముప్ఫై ఏళ్లూ ఒకటే జవాబు: "మీకు తోచింది ఇవ్వండమ్మా." వాళ్లకు ఎప్పుడూ తక్కువే తోచేది. జాకెట్ తీసుకున్నావిడ గుమ్మం దాటగానే అమ్మ మిషను చక్రం మీద చెయ్యేసి కాస్త గట్టిగా తిప్పేది. ఆ చప్పుడుతో ఈసారి ఎంత వచ్చిందో మాకు తెలిసిపోయేది. కాజాలు తీసినందుకూ, హుక్కులు కుట్టినందుకూ, రాత్రి పదకొండు దాకా లైటు కింద కళ్లు చికిలించుకు కూర్చున్నందుకూ అన్నీ కలిపి వచ్చింది, బజార్లో టైలరు ఉత్త కుట్టుకే తీసుకునేదాంట్లో సగం ఉండేది కాదు.

దీనికి తెలుగులో చక్కటి పేరుంది. మొహమాటం. ఇంటి నుంచి వ్యాపారం మొదలుపెట్టినవాళ్ల మనసు పడే అవస్థల మీద వచ్చిన రాతలు చదువుతూ పోతే భయం, ఒత్తిడి, ఒంటరితనం, ఆత్మవిశ్వాసం అన్న మాటలు పేజీకి నాలుగు తగులుతాయి. మొహమాటానికి మాత్రం వాటిల్లో చోటు లేదు. మన ఊళ్లలో పచ్చళ్లమ్మే పిన్నినో, చీరలమ్మే అక్కనో, టిఫిన్ క్యారియర్లు కట్టే అత్తయ్యనో కూర్చోబెట్టి అడిగితే ముందుగా ఆ మాటే వస్తుంది. "చెయ్యడం కష్టం కాదమ్మా, డబ్బులడగడమే కష్టం."

ఈ విషయం మీద ఎక్కువగా కనిపించేవి ధైర్యం చెప్పే పుస్తకాలూ వీడియోలూ. నిన్ను నువ్వు నమ్ముకో, భయాన్ని గెలువు, పొద్దున ఐదింటికి లే. ఐదింటికి లేవమని చెప్పేది ఎవరికో తెలుసా? నాలుగున్నరకే లేచి పాలపొయ్యి వెలిగించే మనిషికి. తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్తల పరిశోధనలున్నాయి. ఇవి కొలతలతో, ప్రశ్నావళులతో మనిషి మనసులోకి చూస్తాయి. వీటికి కాస్త దూరంగా స్త్రీల శ్రమ మీద సామాజిక శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు చేసిన పని ఉంది. వీళ్లు మనసును వదిలేసి ఇంటిని చూశారు. అసలు చిక్కు దగ్గరికి వెళ్లింది వీళ్లేనని నా లెక్క. ఆ లెక్క ఎలా కుదిరిందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు మనసు సంగతి చూద్దాం. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు ఒక వ్యాసం రాశారు. పెద్ద చదువులు చదివి, ఉద్యోగాల్లో రాణించిన ఆడవాళ్లు కూడా లోలోపల తాము అంతటివాళ్లం కామని, ఏదో అదృష్టం కొద్దీ నెట్టుకొచ్చామని, ఏదో ఒకరోజు తమ బండారం బయటపడుతుందని భయపడుతుంటారని అందులో చెప్పారు. దానికి వాళ్లు పెట్టిన పేరు ఇంపోస్టర్ ఫినామినన్. ఇవాళ ఇంట్లో కేకులు చేసి అమ్మే అమ్మాయికి కాస్త బెరుకు కలిగినా ఆ పేరే తగిలిస్తున్నారు, కాకపోతే చివర సిండ్రోమ్ అని మార్చి. నాకిది అంతగా అతకదు. ఆ చదువుకున్నావిడ చేతిలో పట్టా ఉంది, జీతం చీటీ ఉంది, అయినా అనుమానం లోపలినుంచి పుట్టింది. మన అమ్మాయి అనుమానానికి ఊరూ పేరూ ఉన్నాయి. "నీ ఆవకాయ ఎవరు కొంటారే, అందరిళ్లలోనూ ఉందిగా" అని అత్తగారు అంటుంది. "మావాడు సంపాదిస్తున్నాడుగా, నీకెందుకీ తిప్పలు" అని ఆడపడుచు అంటుంది. "నాలుగు రోజుల ముచ్చట" అని మొగుడు పేపర్లోంచి తల ఎత్తకుండా అంటాడు. చెవిలో రోజూ పడే మాటను మనసు లోపలి రోగమంటే ఎలా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లోనే కొట్టు పెట్టినావిడకు ఆ రెండూ ఒకే గదిలో ఉన్నాయి.

ఇంటిని చూసినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది మరియా మీస్. ఈ జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతానికి వచ్చింది. అక్కడి లేసు అల్లికదారుల మీద ఆమె రాసిన పుస్తకం 1982లో వచ్చింది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని అది. కొక్కెం సూది, దారపు ఉండ, ఒడిలో పెట్టుకుంటే చాలు. అరుగు మీద కూర్చుని, పొయ్యి మీద అన్నం చూసుకుంటూ, పిల్లాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని అల్లేవాళ్లు. ఆ పూలూ చక్రాలూ విదేశాలకు వెళ్లేవి. ఎగుమతి చేసేదీ, బేరం కుదిర్చేదీ, లాభం చూసేదీ మగవాళ్లు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే ఆడవాళ్లను వ్యాపారులూ, ఇంటివాళ్లూ, చివరికి వాళ్లకు వాళ్లే 'గృహిణులు' అన్నారు, కార్మికులు అనలేదు. చేసేది పని కాదు, తీరిక వేళ కాలక్షేపం. మీస్ దీన్ని గృహిణీకరణ అంది. కాలక్షేపానికి కూలి ఎక్కువ అడగరు కదా. ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చుని అల్లేవాళ్లకు పక్క వీధిలో ఎంత ఇస్తున్నారో కూడా తెలియదు.

మీస్ ఆర్థిక దోపిడీ గురించి రాసింది, మనోవ్యథ గురించి ప్రత్యేకంగా రాయలేదు. అయినా ఈ రెండోదానికి మూలం నాకు ఆ పుస్తకంలోనే దొరికింది. చేసే పనికి 'పని' అన్న పేరే ఇంట్లో లేనప్పుడు అలసిపోయానని చెప్పే హక్కు ఉండదు. నష్టమొస్తే ఏడ్చే హక్కూ ఉండదు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లేవాళ్లను మాత్రం ఇప్పటికీ "ఖాళీగా ఉండి ఏదో అల్లుకుంటుంది" అనే అంటారు.

ఈ 'ఖాళీ' ఎంతో ప్రభుత్వం లెక్క కట్టింది. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికే పెడుతున్నారు. అవే పనులు చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఈ అంకెలు 299, 97. ఐదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయి, మగవాళ్లకు తొమ్మిది తగ్గాయి. కుక్కర్లు, మిక్సీలు కొన్నందుకేమో మరి. పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే సమయం ఇందులో కలవదు, అది విడి లెక్క. దాదాపు ఐదు గంటల ఈ పని పక్కన వ్యాపారాన్ని ఇరికించాలి.

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1989లో రాసిన పుస్తకంలో, ఆఫీసులో ఒక షిఫ్టు చేసి వచ్చిన ఆడవాళ్లకు ఇంట్లో రెండో షిఫ్టు ఎదురుచూస్తుంటుందని చెప్పింది. ఆ రెంటి మధ్యా కనీసం ఒక బస్సు ప్రయాణం ఉంటుంది. కిటికీ పక్కన సీటు దొరికితే కాసేపు కునుకు కూడా. ఇంటి వ్యాపారంలో షిఫ్టులు ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఒకసారి అమ్మ ఎవరిదో పెళ్లి జాకెట్ కత్తిరిస్తోంది. వంకాయ రంగు పట్టు ముక్క, చీరలోంచి వచ్చిందే, మళ్లీ దొరకదు. చాక్‌పీసుతో మెడ గీసింది. కుక్కర్ మూడో విజిల్ వేసింది. లేచి వెళ్లి కట్టేసి వచ్చింది. తమ్ముడు బెల్టు కనిపించట్లేదన్నాడు. వెతికి ఇచ్చి వచ్చింది. కత్తెర పట్టి, వెనక మెడ లోతును ముందు ముక్కకు కత్తిరించేసింది. చూసుకుని ఆ ముక్కల్ని వెంటనే చీరలో చుట్టి బీరువాలో పెట్టేసింది. మధ్యాహ్నం కత్తిరింపులో మిగిలిన చిన్న పేలిక గుప్పిట్లో పెట్టుకుని, ఎండలో నాలుగు బట్టల కొట్లు తిరిగింది, ఆ రంగుకి దగ్గరగా ఉన్న ముక్క కోసం. దొరికింది, దాదాపు అదే రంగు. ఆ నెల కుట్టు డబ్బంతా దానికే పోయింది. నాన్నకు చెప్పలేదు. మాకూ చెప్పొద్దంది. "పరధ్యానంగా చేస్తే ఇంతే" అని నాన్న అంటాడని కాదు, ఆ మాట నిజమేనని తను ఒప్పుకుంటుందేమోనని, ఇప్పుడు అనిపిస్తోంది. తప్పు ఎవరిదో లెక్క చూస్తే సగం కుక్కరుది.

వ్యాపారంలో తప్పులు జరగని వాళ్లుండరు. ఆఫీసులో తప్పు జరిగితే పంచుకోవడానికి నలుగురుంటారు, కనీసం తిట్టడానికి ఒక పై అధికారి ఉంటాడు. ఇంట్లో జరిగిన తప్పు బీరువాలో దాక్కుంటుంది.

హాక్‌షీల్డే అంతకుముందు, 1983లో, ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. విమానాల్లో పనిచేసే అమ్మాయిల చిరునవ్వు కూడా కంపెనీ జీతమిచ్చి కొంటున్న శ్రమే అని. భావోద్వేగ శ్రమ అన్న ఊహ అక్కణ్నుంచి వచ్చింది. వాట్సాప్‌లో చీరలమ్మే వాళ్లకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. రాత్రి పదకొండున్నరకు "హాయ్ అక్కా, ప్రైస్ ప్లీజ్" అని వస్తుంది. ధర పెడతారు. నీలం టిక్కులు పడతాయి. అంతే, మనిషి మాయం. పొద్దున్నే ఇంకొకరు, "ఫొటోలో మెరూన్, వచ్చింది రెడ్డు" అంటారు. ఆవిడ వదినగారి స్నేహితురాలు, గట్టిగా అనడానికి లేదు. నవ్వుతున్న బొమ్మ ఒకటి, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, చీర వెనక్కి తెప్పించుకుని, కొరియర్ ఖర్చు తనే భరిస్తారు. విమానం దిగాక ఆ అమ్మాయి మొహం మామూలుగా పెట్టుకోవచ్చు. ఇక్కడ ఫోను దిండు కింద ఉంటుంది. పైగా కొనేవాళ్లూ చుట్టాలూ ఒకే మనుషులు. బజార్లో కొట్టుకు రాత్రి తొమ్మిదికి షట్టరు దించితే బేరగాడు రేపు వస్తాడు. వంటింటికి షట్టరు లేదు.

ఇప్పుడు మళ్లీ మొహమాటం దగ్గరికి. దీన్ని చాలామంది స్వభావ లోపంగా చూస్తారు. వ్యాపార శిక్షణ తరగతుల్లో "మొహమాటం వదిలెయ్యండి" అని బోర్డు మీద రాస్తారు, చొక్కా విప్పెయ్యండి అన్నంత తేలిగ్గా. కానీ అది ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. పచ్చళ్లు, పిండివంటలు, పాలకోవా, కుట్టుపని, ఇవన్నీ మన ఇళ్లలో ఇచ్చిపుచ్చుకునే వస్తువులు. పక్కింటి నుంచి వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదని పెరిగినవాళ్లం. కొత్తావకాయ కలిపితే మొదటి గిన్నె వీధిలోకి వెళ్లాలి. ఆ గిన్నెకే ఉన్నట్టుండి ధర కట్టమంటే చేతులాడవు. అడగలేకపోవడం పిరికితనం కాదు, నలభై ఏళ్లు నేర్చుకున్న మర్యాద. ఆ మర్యాదను మెచ్చుకున్న చుట్టాలే ఇప్పుడు అదే మర్యాదను అడ్డం పెట్టుకుని, "మనవాళ్లమేగా, మాకూ రేటేనా?" అంటారు.

ఫలితం గిట్టుబాటు లెక్కలో తేలుతుంది. ఆవకాయ సీజన్ చివర ఎవరినైనా అడగండి. కాయల ధర చెబుతారు, మార్కెట్లో ముక్కలు కొట్టించిన కూలి చెబుతారు, కారం, ఆవపిండి, నువ్వుల నూనె, సీసాలు, కొరియరు, అన్నీ పైసలతో సహా. ముక్కలు తుడిచి టెంక వెనక పొర తీసిన మధ్యాహ్నాలు లెక్కలో ఉండవు. మూడో రోజు మళ్లీ కలిపిన చెయ్యి రాత్రంతా భగభగ మండటం ఉండదు. తన శ్రమకు తనే సున్నా వేసుకున్నాక చివరికి మిగిలింది చూసి, "ఏం మిగల్లేదు, నాకు వ్యాపారం చేతకాదు" అనుకుంటారు. అది చేతకానితనం కాదు, లెక్కలో ఒక వరుస రాయకపోవడం.

ఈ ముడిని అందరికంటే ముందు, పెద్ద సిద్ధాంతమేమీ లేకుండా విప్పింది ఏడుగురు గుజరాతీ గృహిణులని నా నమ్మకం. 1959 మార్చి 15న ముంబయి గిర్‌గావ్‌లో ఒక భవనం డాబా మీద వాళ్లు అప్పు తెచ్చిన 80 రూపాయలతో అప్పడాలు ఒత్తారు. మొదటిరోజు తేలినవి నాలుగు ప్యాకెట్లు. అదే లిజ్జత్. ఆ ఏడుగురిలో ఒకరైన జశ్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ్టికి ఆ సంస్థ సభ్యులు నలభై వేలు దాటారు. ఈ కథను అందరూ విజయగాథగా చెబుతారు. నన్ను ఆకట్టుకున్నది దాని దినచర్య. పొద్దున్నే శాఖకు వెళ్లి కలిపిన పిండి తెచ్చుకోవాలి. ఇంట్లో తీరిక చూసుకుని ఒత్తి ఆరబెట్టాలి. మర్నాడు అప్పడాలు అప్పగించి, కూలి తీసుకుని, మళ్లీ పిండి తెచ్చుకోవాలి. పని ఇంట్లోనే జరుగుతుంది, అయినా రోజుకోసారి చెప్పులేసుకుని బయటికి వెళ్లక తప్పదు, తనలాంటి వంద మందిని చూడక తప్పదు. అప్పడం ధర కొనేవాడికి తను చెప్పక్కర్లేదు. వదినగారి స్నేహితురాలు వచ్చి తగ్గించమంటే, "నా చేతిలో లేదండీ" అనొచ్చు. మొహమాటాన్ని ఆ ఆడవాళ్ల మనసులోంచి తీసెయ్యలేదు, దానితో పని పడకుండా చేశారు. నష్టమొచ్చినా విరాళాలు తీసుకోకూడదని మొదట్లోనే పెట్టుకున్న నియమం కూడా అలాంటిదే. జాలి పడే వీలు ఎవరికీ లేకపోయింది.

సావాసం ఎంత పని చేస్తుందో అహ్మదాబాద్‌లో కొలిచి చూశారు. ఇళా భట్ 1972లో పెట్టిన 'సేవా' అనే సంస్థకు ఒక బ్యాంకు ఉంది. ఆ బ్యాంకు ఖాతాదారులైన ఆడవాళ్లకు రెండు రోజుల వ్యాపార శిక్షణ ఇచ్చారు. కొందరిని ఒంటరిగా రమ్మన్నారు, కొందరిని ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకు రమ్మన్నారు. పాఠం ఒకటే. ఎరికా ఫీల్డ్, సీమా జయచంద్రన్, రోహిణి పాండే, నటాలియా రిగోల్ 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, తోడుతో వచ్చినవాళ్లే ఎక్కువగా రుణం తీసుకున్నారు, దాన్ని వ్యాపారంలో పెట్టారు, వాళ్ల ఇంటి ఆదాయం కూడా పెరిగింది. ఒంటరిగా వచ్చినవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆడవాళ్ల మీద కట్టుబాట్లు ఎక్కువున్న కులాల్లో, మతాల్లో తోడు ప్రభావం మరీ ఎక్కువ. ఈ ఒక్క పరిశోధన, ధైర్యం చెప్పే వంద వీడియోలకు జవాబు. మనకు డ్వాక్రా గ్రూపులు 1980ల నుంచి ఉన్నాయి కాబట్టి ఈ సంగతి కొత్తేం కాదనొచ్చు. కానీ గ్రూపును మనం పొదుపుకీ అప్పుకీ యంత్రంగా చూశాం. వారానికోసారి చాప మీద కూర్చుని, "నా దగ్గరా అలాగే బూజు పట్టిందే, ఉప్పు తక్కువయ్యుంటుంది" అని ఒకరితో ఒకరు అనుకోవడాన్ని ఏ రిజిస్టరులోనూ రాయలేదు.

ఊరంతా ఒకే పని చేసేచోట ఈ బాధ ఎంత పలుచబడుతుందో చూడాలంటే కోనసీమలో ఆత్రేయపురం వెళ్లాలి. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ, కుండ మీద ఒక్క విసురు, రేకు లేచి వస్తుంది. ఇంటింటా అదే. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ కోడలు కుండ ముందు కూర్చుంటే "నీకెందుకీ తిప్పలు" అనేవాళ్లుండరు, అనేవాళ్ల కోడలూ అక్కడే కూర్చునుంటుంది కాబట్టి. పొగ, సెగ, నడుంనొప్పి ఉన్నాయి, కాదనను. సంజాయిషీ ఇచ్చుకోవలసిన బాధ లేదు. అదే పని కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో మొదలుపెడితే, వారం తిరక్కుండా లిఫ్టు పక్కన ఎవరి పేరూ లేకుండా నోటీసు అంటిస్తారు: ఫ్లాట్లలో వ్యాపారాలు నిషేధం, వాసనలు వస్తున్నాయి.

అప్పు సంగతి వేరు. అది మనసును చేసే గాయం నిజంగా లోతైనది. ఇక్కడ మన అనుభవం ఎవరి పుస్తకానికీ తీసిపోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థలు వారం వారం వాయిదాలు వసూలు చేసిన రోజుల్లో, ఒకావిడ కట్టలేకపోతే గ్రూపులో మిగతావాళ్లు ఆమె గుమ్మం ముందు కూర్చునేవారు. తోడుగా ఉండాల్సిన వాళ్లే వసూలుకు వచ్చారు. ఆత్మహత్యల వార్తలు వరసగా రావడంతో 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అహ్మదాబాద్ ప్రయోగంలో మందులా పనిచేసిన సావాసం ఇక్కడ విషమైంది. గ్రూపు మంచిదా చెడ్డదా అని ఒక్కమాటలో తేల్చేవాళ్లను నేను అందుకే నమ్మను.

ఆ తర్వాత 2015లో వచ్చిన ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల దాకా హామీ లేకుండా ఇస్తున్నారు. ఈ డబ్బు ఆమె పేరు మీద వస్తుంది. ఎవరి వ్యాపారంలోకి పోతుందన్నది ప్రశ్న. భారత్, శ్రీలంక, ఘనా దేశాల వివరాలు తీసుకుని ఆరియెల్ బెర్న్‌హార్ట్, ఫీల్డ్, పాండే, రిగోల్ 2019లో చూపింది ఇదే. ఆడవాళ్లకు పెట్టుబడి ఇస్తే లాభం తక్కువ కనిపించడానికి ఒక పెద్ద కారణం, ఆ డబ్బు భర్త వ్యాపారంలోకి మళ్లడం. ఇంట్లో ఆమెదొక్కటే వ్యాపారమైనచోట లాభాలు మగవాళ్లవాటికి తీసిపోలేదు. పెట్టుబడి ఇంకొకచోటికి పోయి, వాయిదా తన పేరు మీద మిగిలి, "నీ వ్యాపారం ఎత్తిగిల్లలేదుగా" అన్న మాట పడ్డావిడకు నిద్ర ఎలా పడుతుంది?

వ్యాపారుల మానసిక ఆరోగ్యం మీద అందరూ ఉదహరించే పరిశోధన ఒకటుంది. 2015లో మైకేల్ ఫ్రీమన్ అనే అమెరికన్ మనోవైద్యుడు, సహచరులతో కలిసి 242 మంది వ్యాపారుల్ని ప్రశ్నిస్తే 49 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మానసిక సమస్య ఉందన్నారు. పత్రికలు దీన్ని పట్టుకుని వ్యాపారం పెడితే పిచ్చెక్కుతుందన్నంత పని చేశాయి. అది వాళ్లు స్వయంగా చెప్పుకున్నది, అదీ అమెరికాలో. కూర పాయింటు నడిపే సూర్యాపేట మనిషికి దీన్ని తెచ్చి అతికించడం సబబు కాదు. అలాగని ఇక్కడ దిగులు జబ్బు లేదని కాదు. నెల రోజులు నిద్ర లేకపోతే, అన్నం సహించకపోతే, బతుకు మీద విసుగు పుడితే దాన్ని మొహమాటం కిందా ఓపిక కిందా కట్టెయ్యకూడదు. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా చెయ్యొచ్చు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

మగవాళ్ల సంగతి రెండు మాటల్లో. ఉద్యోగం పోయి ఇంటినుంచి ఏదో మొదలుపెట్టిన మగవాడికి ఇంటి పని అడ్డు రాదు, వీధి అడ్డొస్తుంది. "ఇంట్లోనే ఉంటున్నారా?" అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోలేక పదింటికి చొక్కా వేసుకుని ఊరికే బయటికి వెళ్లొచ్చేవాళ్లను చూశాను.

అన్నిటికంటే తక్కువగా మాట్లాడుకునేది మూసేయడం గురించి. మొదలుపెట్టడానికి శిక్షణలున్నాయి, రిబ్బను కత్తిరింపులున్నాయి. బోణీకి కొబ్బరికాయ కొడతారు. ఆపేసిన రోజుకు ఏ తంతూ లేదు. డీన్ షెపర్డ్ అనే పరిశోధకుడు 2003లో రాసిన వ్యాసం ఈ లోటును తీర్చింది. తన తండ్రి కుటుంబ వ్యాపారాన్ని పోగొట్టుకున్నప్పుడు పడ్డ బాధ చూశాక పుట్టిన ఆలోచన అది. వ్యాపారం పోవడం మనిషి పోయినలాంటిదే, దానికీ దుఃఖం ఉంటుంది, ఆ దుఃఖం తీరందే జరిగినదాంట్లోంచి పాఠం తలకెక్కదు అన్నాడు. కొన్నాళ్లు పోయినదాన్ని తలచుకుని ఏడవాలి, కొన్నాళ్లు దాన్ని పక్కనపెట్టి వేరే పనుల్లో పడాలి, మళ్లీ వెనక్కి రావాలి, ఇలా అటూ ఇటూ ఊగుతూ బయటపడతారని ఆయన వాదన. ఆయన మనసులో ఉన్నది సొంత వ్యాపారమే వృత్తిగా ఉన్నవాళ్లు. ఇంటి వ్యాపారానికి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుందని నేనంటాను. కారణం, ఇక్కడ శవం ఇంట్లోనే ఉంటుంది. అమ్ముడుపోని సీసాలు మంచం కింద, లేబుళ్ల కట్ట అలమారాలో, మీద దుప్పటి కప్పిన మిషను మూల. రోజూ దాని పక్కనుంచే నీళ్లకు వెళ్లాలి. పలకరించడానికి ఎవరూ రారు. వచ్చినవాళ్లు, "పోన్లే, ఇప్పుడు కాస్త విశ్రాంతి" అంటారు.

మరి ఏది పనిచేస్తుంది? ఆఫ్రికాలోని టోగోలో 1,500 మంది చిరువ్యాపారుల మీద జరిగిన ప్రయోగం 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఒక గుంపుకు జమాఖర్చులు, మార్కెటింగ్ వంటి మామూలు శిక్షణ ఇచ్చారు. ఇంకో గుంపుకు మనస్తత్వ శాస్త్రం ఆధారంగా చొరవ నేర్పారు. అంటే ఎదురుదెబ్బ తగిలితే ఇంకో దారి ముందే ఆలోచించి పెట్టుకోవడం, ఒకరు చెప్పేదాకా ఆగకపోవడం వంటివి. ఏ శిక్షణా లేనివాళ్లతో పోలిస్తే రెండో గుంపు లాభాలు 30 శాతం పెరిగాయి. మొదటి గుంపుకు 11 శాతం కనిపించినా గణాంకాల పరీక్షకు నిలవలేదు. మనసు ముఖ్యం కాదని నేను ఇంతసేపూ వాదించినట్టనిపిస్తే, ఈ ప్రయోగం నాకు ఎదురుదెబ్బే, ఒప్పుకుంటున్నాను. ఒక్క సంగతి మాత్రం గమనించాలి. వాళ్లు నేర్పింది "నిన్ను నువ్వు నమ్ముకో" అని కాదు. రేపు ఏం చేస్తావో కాగితం మీద రాయమన్నారు, చేశావో లేదో అడిగారు.

మన దగ్గర ఆడవాళ్లు తమంతట తాము కనిపెట్టుకున్న కిటుకులూ ఆ కోవలోవే. ధర నోటితో చెప్పకుండా గోడకు అంటించడం. వ్యాపారానికి రెండో సిమ్ము కొని రాత్రి ఎనిమిదికి ఆపెయ్యడం. ఆర్డరుతోపాటే సగం డబ్బు ఫోన్‌పే చెయ్యమని వాట్సాప్‌లో ముందే సిద్ధం చేసుకున్న వాక్యం పంపడం, ఎవరికైనా అదే వాక్యం. చుట్టాలకు ఏడాదికి ఇన్ని సీసాలు ఊరికే అని ముందే తీసి పక్కన పెట్టి, అవి అయిపోయాక అయిపోయాయనడం. నాకు తెలిసిన ఒకావిడ ఇంకా తెలివైనది. ధర తను చెప్పదు, పదో తరగతి చదివే కూతురితో చెప్పిస్తుంది. ఆ పిల్లకు మొహమాటం ఇంకా పట్టుబడలేదు.

అమ్మ మిషను కిందటేడు అమ్మేశాం. సొరుగులో కొలతల పుస్తకం దొరికింది. పేరు, ఛాతీ, భుజం, చేతి పొడవు, మెడ లోతు. కొన్ని పేర్ల ఎదుట చిన్నగా అంకె, దాని పక్కన 'అడగాలి' అని రాసి ఉంది. 40, అడగాలి. 65, అడగాలి. 120, పెళ్లయ్యాక అడగాలి. పేజీల తరబడి అదే మాట. చివర్లో ఒకచోట మాత్రం, ఎవరో పేరు తెలియని కొత్తావిడ కొలతల కింద, 'అడిగాను, ఇచ్చింది' అని ఉంది. దాని కింద అమ్మ రెండుసార్లు గీత కొట్టుకుంది.